పిల్లలకు సమాచారం వెతకడం, తూచి చూడడం నేర్పించడం ఎలా? టీచర్లకు సమగ్ర మార్గదర్శి

"కాలుష్యం మీద ప్రాజెక్ట్ చేసుకురండి" అంటే క్లాసులో ఏం జరుగుతుందో ప్రతి టీచర్‌కీ తెలుసు. సెర్చ్‌లో అన్నిటికంటే పైన కనిపించిన పేజీ తెరుస్తారు. రెండు పేరాలు దించుతారు. ఒక బొమ్మ అతికిస్తారు. అట్ట మీద రంగు పెన్నుతో పేరు రాసి తెచ్చి ఇస్తారు. మనం మార్కులు వేస్తాం. ఆ పని మొత్తంలో పిల్లలు తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు. ఏం తెలుసుకోవాలో మనం చెప్పాం, ఏది చదవాలో సెర్చ్ ఇంజిన్ చెప్పింది, ఎలా రాయాలో ఆ పేజీ చెప్పింది.

ఆ నిర్ణయాలను పిల్లల చేతికి ఇవ్వడమే సమాచార అక్షరాస్యత. తనకు ఏం తెలియాలో తేల్చుకోవడం, అది ఎక్కడ దొరుకుతుందో ఊహించడం, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చూడడం, తన మాటల్లో వాడుకోవడం, ఎక్కడి నుంచి తెచ్చుకున్నదీ చెప్పడం. 1974లో పాల్ జుర్కోవ్‌స్కీ అమెరికా జాతీయ గ్రంథాలయ కమిషన్‌కు ఇచ్చిన నివేదికతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. అప్పట్లో ఆయన ఆలోచన ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ల గురించి. ఇప్పుడు చిన్న తరగతుల పిల్లలు కూడా ఫోన్‌లో వెతుకుతున్నారు కాబట్టి ఇది బడి పని కూడా అయింది.

మెట్లలోకి వెళ్లే ముందు ఒక మాట. ఈ విషయం మీద చెప్పే పాఠాలు చాలావరకు "ఇంటర్నెట్‌లో అన్నీ అబద్ధాలే, జాగ్రత్త" అనే హెచ్చరికతో మొదలై అక్కడే ఆగిపోతాయి. నా దృష్టిలో ఇది ఉపయోగం లేకపోగా హాని చేస్తుంది. అలా నేర్చుకున్న పిల్లలు అబద్ధంతో పాటు నిజాన్ని కూడా నమ్మడం మానేస్తారు. ఎవరినీ నమ్మలేమని అనుకున్నవాళ్లు చివరికి తమకు నచ్చిన మాటనే నిజమనుకుంటారు. అందుకే కింద చెప్పే ప్రతి పనీ నమ్మదగిన చోటును త్వరగా గుర్తుపట్టి, దాని మీద నమ్మకం ఉంచడం నేర్పడానికే.

మెట్టు 1: పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి

ఏమీ చెప్పకుండా ఒక చిన్న పని ఇవ్వండి. ఒక వెబ్ పేజీ చూపించి, "దీన్ని నమ్మొచ్చా? ఎందుకు?" అని అడిగి జవాబు కాగితం మీద రాయించండి. ఇరవై నిమిషాలు చాలు. కంప్యూటర్లు లేకపోతే పేజీ ప్రింట్ ఇచ్చి, "దీని గురించి ఇంకా తెలుసుకోవాలంటే ఏం చేస్తావు?" అని కూడా అడగండి.

జవాబుల్లో సాధారణంగా కనిపించే కారణాలు ఇవి: పేజీ బాగుంది, బొమ్మలున్నాయి, అంకెలున్నాయి, చాలా వివరంగా రాశారు. ఇవన్నీ పేజీ లోపలి లక్షణాలే. ఎవరు రాశారు, వాళ్లకు ఇందులో లాభం ఏమిటి అన్న ప్రశ్నలు దాదాపు రావు. పిల్లల తెలివి తక్కువై కాదు, ఎవరూ చూపించకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యా బృందం 2016లో అమెరికాలోని 12 రాష్ట్రాల నుంచి 7,804 జవాబులు సేకరించి పరిశీలించింది. 'స్పాన్సర్డ్ కంటెంట్' అని పైన స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను మాధ్యమిక తరగతుల పిల్లల్లో 80 శాతానికి పైగా వార్త అనుకున్నారు. ఫోన్ వాడడంలో చురుకుగా ఉండడం వేరు, ఫోన్‌లో కనిపించినదాన్ని తూచి చూడడం వేరు.

ఆ కాగితాలకు మార్కులు వేయొద్దు. ఎక్కువ మంది ఎక్కడ ఆగిపోయారో చూసుకుని, కింది మెట్లలో దేని మీద ఎక్కువ సమయం పెట్టాలో నిర్ణయించుకోండి.

మెట్టు 2: దించి రాయడానికి వీల్లేని ప్రశ్న తయారు చేయించండి

కాపీ కొట్టడం గురించి మనం పిల్లల్ని తిడతాం గానీ, చాలాసార్లు తప్పు ప్రశ్నలోనే ఉంటుంది. "భూకంపాల గురించి రాయండి" అంటే జవాబు ఇప్పటికే ఏదో ఒక పేజీలో రాసి ఉంటుంది. దాన్ని దించడమే తెలివైన పని అనిపించడం సహజం. జవాబు ఒకేచోట దొరకని ప్రశ్న ఇస్తే ఆ అవకాశమే ఉండదు.

భూకంపాలనే ఉదాహరణగా తీసుకుందాం. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ దగ్గర 7.1 తీవ్రతతో మరొకటి వచ్చింది. హైతీలో ఘోరమైన ప్రాణనష్టం జరిగింది. న్యూజిలాండ్‌లో ఇళ్లు కూలి చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. "తీవ్రత దాదాపు ఒకటే అయినా నష్టంలో ఇంత తేడా ఎందుకు?" అని అడిగితే పిల్లలు రెండు చోట్ల గురించీ చదవాలి, పోల్చాలి, తమంతట తాము ఒక మాట చెప్పాలి.

ఇలాంటి ప్రశ్నలు పిల్లలే తయారు చేసుకునేలా అలవాటు చేయడం మరీ మంచిది. విషయం చెప్పి, పది నిమిషాల్లో తోచిన ప్రశ్నలన్నీ బోర్డు మీద రాయించండి. ఏ ప్రశ్ననూ కొట్టేయకండి. తర్వాత వాటిని మూడు రకాలుగా విడగొట్టమనండి: ఒక్క మాటలో జవాబు దొరికేవి, రెండు మూడు చోట్ల చదివితే తేలేవి, ఎంత చదివినా తేలనివి. మధ్య రకంలో నుంచి ఒకటి ఎంచుకోమనండి. "భూకంపం అంటే ఏమిటి" మొదటి రకం. "అసలు దేవుడు భూకంపాలు ఎందుకు పుట్టించాడు" మూడో రకం. అదీ మంచి ప్రశ్నే, కానీ ఈ పనికి సరిపోదని అడిగిన పిల్ల చిన్నబుచ్చుకోకుండా చెప్పాలి.

ప్రశ్న ఎంచుకున్న తర్వాత రెండు మూడు రోజులు పిల్లలు గందరగోళ పడతారు. "సార్, ఏమీ అర్థం కావట్లేదు, టాపిక్ మార్చుకోనా?" అని వస్తారు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కరోల్ కుల్తావ్ విద్యార్థులు సమాచారం వెతికే తీరును ఏళ్ల తరబడి గమనించి ఇదే చెప్పారు. విషయం ఎంచుకోగానే ఉత్సాహం ఉంటుంది. చదవడం మొదలుపెట్టగానే అనుమానం, అయోమయం పెరుగుతాయి. తాను చెప్పదలచుకున్నది స్పష్టమయ్యాకే ధైర్యం వస్తుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. "ఇప్పుడు టెన్షన్‌గా ఉండడం మామూలే, అందరికీ ఇలాగే ఉంటుంది" అన్న ఒక్క మాట చాలామందిని మధ్యలో వదిలేయకుండా ఆపుతుంది. టీచర్ సాయం ఎక్కువ కావాల్సింది కూడా సరిగ్గా అప్పుడే, చివర్లో అట్టలు వేసేటప్పుడు కాదు.

మెట్టు 3: వెతకడానికి మాటలు, వెతకాల్సిన చోట్లు

పిల్లలు ప్రశ్న మొత్తాన్ని సెర్చ్‌లో టైప్ చేస్తారు. అది తప్పేమీ కాదు, కానీ అక్కడితో ఆగిపోతే వచ్చినదే ప్రసాదం అవుతుంది. ప్రశ్నలోని ముఖ్యమైన మాటల కింద గీత గీయించండి. ఒక్కో మాటకు పక్కనే అదే అర్థం వచ్చే వేరే మాటలు, ఇంకా చిన్న విషయాన్ని చెప్పే మాటలు రాయించండి. 'నష్టం' పక్కన 'మృతులు', 'కూలిన భవనాలు'. 'తేడా ఎందుకు' పక్కన 'భవన నిర్మాణ నిబంధనలు', 'భూకంప కేంద్రం లోతు', 'నగరానికి దూరం'. ఒకసారి చదివాక కొత్త మాటలు తెలుస్తాయి, వాటితో మళ్లీ వెతకాలి. తెలుగులో వెతికినప్పుడు వచ్చేవి వేరు, ఇంగ్లిష్‌లో వెతికినప్పుడు వచ్చేవి వేరు. రెండూ చేయించండి.

మూడు చిన్న కిటుకులు నేర్పితే చాలు. మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే సరిగ్గా అదే వరుస ఉన్న పేజీలు వస్తాయి. అక్కర్లేని మాట ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెడితే అది ఉన్న పేజీలు తగ్గిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, వెంటనే ఒక వెబ్‌సైట్ చిరునామా ఇస్తే ఆ ఒక్క సైట్‌లోనే వెతుకుతుంది.

వీటికంటే ముఖ్యమైనది ఫలితాల పేజీని చదవడం. మొదటి లింక్ మీద వేలు పెట్టే ముందు ఆ పేజీని కిందిదాకా చూడమనండి. ఏది ప్రకటన? ఏది అమ్మకం పేజీ? ఏది వార్త? ఏది ప్రభుత్వ సంస్థది? లింక్ కింద ఉన్న రెండు వరుసలు ఏం చెబుతున్నాయి? క్లాసులో ఒక ఫలితాల పేజీని తెర మీద పెట్టి, ఏదీ నొక్కకుండా ఐదు నిమిషాలు దాని గురించే మాట్లాడించండి. "నేనైతే నాలుగోది తెరుస్తాను, ఎందుకంటే..." అని పిల్లలు కారణం చెప్పడం మొదలుపెడితే ఈ మెట్టు ఎక్కినట్టే.

పుస్తకాలను పక్కన పెట్టకండి. విషయసూచిక, వెనక ఉండే పదసూచిక వాడడం రాని పిల్లలు పై తరగతుల్లో కూడా ఉంటారు. ఒక పుస్తకం ఇచ్చి, పేజీలు తిప్పకుండా పదసూచిక చూసి మూడు జవాబులు పట్టుకోమని పోటీ పెడితే ఒక్క పీరియడ్‌లో వచ్చేస్తుంది.

వికీపీడియా సంగతి చాలామంది టీచర్లు అడుగుతారు. "అసలు చూడొద్దు" అని చెప్పడం నాకు సరైనదిగా అనిపించదు. మనం వద్దన్నా చూస్తారు, మనకు తెలియకుండా చూస్తారు. దాన్ని మొదటి గుమ్మంలా వాడడం నేర్పండి: విషయం స్థూలంగా తెలుసుకోవడానికి, కొత్త మాటలు పట్టుకోవడానికి, ముఖ్యంగా వ్యాసం చివర ఉన్న మూలాల జాబితా నుంచి అసలు ఆధారాలకు వెళ్లడానికి. చరిత్ర ట్యాబ్ నొక్కి ఆ వ్యాసాన్ని ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఒకసారి చూపించండి. సమాచారం ఆకాశం నుంచి ఊడిపడదని, మనుషులు రాస్తారని, దిద్దుతారని, వాదించుకుంటారని పిల్లలకు కళ్లారా తెలుస్తుంది.

మెట్టు 4: పేజీ వదిలి బయటికి వెళ్లి చూడడం

సమయం తక్కువ ఉంటే మిగతావన్నీ తగ్గించుకుని దీని మీదే పెట్టండి.

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక పరిశోధన ప్రకటించారు. 10 మంది చరిత్రకారులు, వార్తల్లోని మాటలు నిజమో కాదో సరిచూడడమే వృత్తిగా ఉన్న 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వాళ్లు వెబ్‌సైట్లను ఎలా పరీక్షిస్తారో చూశారు. ఒక పనిలో పిల్లల వైద్యుల సంస్థలు రెండింటి పేజీలు ఇచ్చారు. రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి. ఒకటి 1930 నుంచి ఉన్న, వేలాది వైద్యులు సభ్యులుగా గల ప్రధాన సంస్థ. రెండోది 2002లో దాని నుంచి విడిపోయిన చిన్న బృందం. చరిత్రకారులు, విద్యార్థులు పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు. విద్యార్థుల్లో సగానికి పైగా చిన్న బృందం పేజీనే ఎక్కువ నమ్మదగిందన్నారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం కొన్ని క్షణాలు చూసి ఆ పేజీని వదిలేశారు. కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. తక్కువ చదివి, తక్కువ సమయంలో సరైన జవాబుకు వచ్చారు.

కొత్త మనిషి మంచివాడా కాదా అని అతన్నే అడగం, అతన్ని ఎరిగినవాళ్లను అడుగుతాం. వెబ్‌సైట్ విషయంలోనూ చేయాల్సింది అంతే.

చాలా బడుల్లో ఇప్పటికీ నేర్పేది దీనికి విరుద్ధం. తేదీ ఉందా, రచయిత పేరు ఉందా, అక్షర దోషాలున్నాయా, చిరునామా చివర డాట్ ఆర్గ్ ఉందా అని టిక్కులు పెట్టించే చెక్‌లిస్ట్ ఇస్తారు. డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు. తేదీ, పేరు, చక్కటి డిజైన్ పెట్టడం మోసం చేసేవాళ్లకు కష్టమేమీ కాదు. 1998 నుంచి నెట్‌లో ఉన్న 'చెట్టు మీది ఆక్టోపస్' సైట్ దీనికి మంచి ఉదాహరణ. అమెరికా వాయవ్య అడవుల్లో చెట్లెక్కే ఆక్టోపస్ ఉందనీ, అంతరించిపోతోందనీ శాస్త్రీయంగా కనిపించే భాషలో సరదాగా అల్లిన కథ అది. దాన్ని కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మారు. పేజీ లోపలే చూస్తూ కూర్చుంటే తప్పు సులభంగా దొరకదు. బయటికొచ్చి ఆ జంతువు పేరు వెతికితే నిమిషంలో తేలిపోతుంది.

క్లాసులో ఇలా నేర్పండి.

మొదట మీరు చేసి చూపించాలి. తెర మీద ఒక తెలియని పేజీ తెరిచి, మీ మనసులో వచ్చే మాటలు పైకి అనండి: "ఈ సంస్థ పేరు నాకు తెలీదు. చదవడం మొదలుపెట్టను. ముందు కొత్త ట్యాబ్ తెరుస్తాను. పేరు కొట్టి, వాళ్ల సొంత సైట్ కాకుండా వేరేవాళ్లు రాసింది చూస్తాను. ఇక్కడ ఒక పత్రిక రాసింది, వీళ్లకు డబ్బు ఇచ్చేది ఒక కంపెనీ అట. సరే, ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ దృష్టితో చదువుతాను." పిల్లలకు మీ తీర్పు కంటే మీ మాటల వరుస ముఖ్యం. ముందుగా అభ్యాసం చేసిన పేజీ కాకుండా నిజంగా మీకూ తెలియని పేజీతో చేస్తే ఇంకా బాగుంటుంది, మీరు తడబడడం కూడా వాళ్లు చూడాలి.

తర్వాత జంటలుగా చేయించండి. ఒకరు వెతుకుతారు, మరొకరు ఏం చేశారో రాస్తారు. ఒక్కో పేజీకి మూడు నిమిషాల కంటే ఇవ్వొద్దు. గడువు లేకపోతే మళ్లీ పేజీ చదవడంలో పడిపోతారు. మూడు ప్రశ్నలకు జవాబు రాస్తే చాలు: దీని వెనక ఎవరున్నారు? వాళ్లు చూపించిన ఆధారం ఏమిటి? మిగతావాళ్లు ఏమంటున్నారు?

పెద్ద తరగతులకు మైక్ కాల్‌ఫీల్డ్ రూపొందించిన నాలుగు కదలికలు నేర్పొచ్చు. ఆగు. ఎవరు చెబుతున్నారో చూడు. ఇంతకంటే మంచి చోట ఇదే విషయం ఉందేమో వెతుకు. మాట ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా వెళ్లు. 'ఆగు' అనేది చిన్న మాటలా ఉంటుంది గానీ పిల్లలకు అదే కష్టం. కోపం, భయం, ఆనందం పొంగుకొచ్చే పోస్ట్ కనిపిస్తే అదే ఆగాల్సిన సమయమని చెప్పండి.

పక్కకు వెళ్లి చూసే ఈ పద్ధతి కొద్ది పాఠాలతోనే పట్టుబడుతుంది. అమెరికాలో ఒక జిల్లా ఉన్నత పాఠశాలల్లో 50 నిమిషాల పాఠాలు ఆరు చెప్పించి చూసినప్పుడు, ఆ పాఠాలు విన్న పిల్లలు వినని పిల్లల కంటే మెరుగయ్యారని వైన్‌బర్గ్ బృందం 2022లో ప్రచురించింది. పెద్ద మార్పు అని చెప్పలేం, కానీ ఆరు పీరియడ్లకు వచ్చిన ఫలితం అది.

వెతికాక "ఇది నమ్మొచ్చు" అని తేలే పేజీలు కూడా సగానికి పైగా ఉండేలా చూసుకోండి. ప్రతిసారీ బూటకపు పేజీలే ఇస్తే పిల్లలు వెతకడం మానేసి "ఫేక్" అని రాసేస్తారు.

మెట్టు 5: మాట పుట్టిన చోటికి వెళ్లడం

ఒక వాక్యం, ఒక ఫొటో, ఒక అంకె. ఈ మూడింటికీ మూడు ఉదాహరణలు దగ్గర పెట్టుకోండి.

వాక్యానికి: "చైనా గోడ చంద్రుడి మీద నుంచి కూడా కనిపిస్తుంది." పిల్లల్లో చాలామంది ఇది విని ఉంటారు. ఎవరు చూశారు అని అడగండి. వెతికితే ఈ మాట 1932లోనే ఒక అమెరికన్ పత్రికా శీర్షికలో కనిపిస్తుంది. మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్లింది 1961లో. అంటే చూసినవాళ్లెవరూ లేకముందే పుట్టిన మాట! చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లీవే 2003లో వెళ్లొచ్చి, తనకు గోడ కనిపించలేదని చెప్పారు. కాలరేఖ గీసి ఈ మూడు సంవత్సరాలు పెట్టిస్తే, ఆధారం అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

ఫొటోకు: వరద నీళ్లలో మునిగిన రోడ్డు మీద కారు పక్కనే ఈదుతున్న సొరచేప. 2011 తుఫాను సమయంలో వచ్చింది, 2017లో ఇంకో తుఫానుకు మళ్లీ వచ్చింది. ఊరు మారుతుంది, సొరచేప మారదు. ఒక పత్రికలో 2005లో వచ్చిన పడవ ఫొటోలోని సొరచేపను కత్తిరించి అతికించారు. గూగుల్ లెన్స్‌లో గానీ టిన్‌ఐలో గానీ ఫొటో పెట్టి పాత కాపీలు వెతకడం చేయించండి. టిన్‌ఐలో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు. అతికించిన ఫొటోల కంటే ఎక్కువగా తిరిగేవి అసలైన పాత ఫొటోలు, కొత్త శీర్షికతో. వాటిలో అబద్ధం బొమ్మలో ఉండదు, కింద రాసిన మాటలో ఉంటుంది. ఈ తేడాను తప్పకుండా చూపించండి.

అంకెకు మళ్లీ హైతీకి వెళదాం. చనిపోయినవాళ్లు ఎంతమంది అని వెతికితే పిల్లలకు రకరకాల సంఖ్యలు దొరుకుతాయి. హైతీ ప్రభుత్వం 2011లో 3,16,000 అంది. అదే సంవత్సరం అమెరికా సహాయ సంస్థ కోసం తయారైన ఒక నివేదిక ముసాయిదా 46,000 నుంచి 85,000 మధ్య అంది. పిల్లలు వెంటనే "ఏది రైట్, టీచర్?" అంటారు. జవాబు చెప్పకండి. ఎవరు లెక్కపెట్టారు, ఎలా లెక్కపెట్టారు, ఎప్పుడు, ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా ఎవరికి ఏమవుతుంది అని చర్చ పెట్టండి. సామూహిక ఖననాలు జరిగిన చోట శవాలను ఒక్కొక్కటిగా లెక్కించి ఉండరు, ఇళ్లు తిరిగి సర్వే చేస్తే వచ్చే లెక్క వేరు. చివరికి పిల్లలు రాయాల్సింది ఒక్క సంఖ్య కాదు, "ఈ సంస్థ ప్రకారం ఇంత, ఆ నివేదిక ప్రకారం ఇంత" అనే వాక్యం. పదమూడేళ్ల పిల్లలు ఇలా రాయగలరు, అడగాలే గానీ.

గ్రాఫ్‌ల గురించి ఒక్క పీరియడ్ లెక్కల టీచర్‌ను అడిగి తీసుకోండి. నిలువు గీత సున్నా దగ్గర మొదలవకపోతే చిన్న తేడా కొండంతగా కనిపిస్తుంది. అవే అంకెలతో రెండు గ్రాఫ్‌లు పిల్లల చేతే గీయిస్తే చాలు.

మెట్టు 6: నోట్స్, సొంత మాటలు, మూలం పేరు

"సొంత మాటల్లో రాయండి" అని చెప్పడం సులభం. అది ఎలాగో చూపించాలి. పేరా చదివించండి, పుస్తకం మూయించండి, పక్కవాళ్లకు నోటితో చెప్పించండి, ఆ తర్వాత రాయించండి. తెరిచిన పేజీ ముందు కూర్చుని ఎవరూ సొంత మాటల్లో రాయలేరు.

నోట్స్ కాగితాన్ని మూడు నిలువు గళ్లుగా మడతపెట్టించండి. మొదటి గడిలో ఎక్కడ చదివాను, రెండో గడిలో ఏం తెలిసింది, మూడో గడిలో నాకు వచ్చిన ఆలోచన లేదా కొత్త ప్రశ్న. ప్రాజెక్ట్‌లో ప్రాణం ఉండేది మూడో గడిలోనే. హైతీ, న్యూజిలాండ్ పని చేసే పిల్లలు మొదట "న్యూజిలాండ్‌లో మంచి ఇళ్లు కట్టారు కాబట్టి ఎవరూ పోలేదు" అని రాస్తారు. ఇంకాస్త చదివితే, 2011 ఫిబ్రవరిలో అదే క్రైస్ట్‌చర్చ్‌లో అంతకంటే తక్కువ తీవ్రతతో వచ్చిన భూకంపంలో 185 మంది చనిపోయారని తెలుస్తుంది. అది నగరానికి చాలా దగ్గరగా, తక్కువ లోతులో, జనం పనుల్లో ఉన్న మధ్యాహ్నం వేళ వచ్చింది. సెప్టెంబర్‌ది తెల్లవారుజామున వచ్చింది. అప్పుడు మూడో గడిలో "ఇళ్లు ఒక్కటే కారణం కాదన్నమాట" అనే వాక్యం పడుతుంది. తన మొదటి అభిప్రాయాన్ని కొట్టేసి కొత్తది రాసుకున్న ఆ కాగితం దాచిపెట్టుకోదగ్గది. దానికి తప్పకుండా మార్కులు ఇవ్వండి.

మూలం రాయడం చిన్న తరగతుల నుంచే అలవాటు చేయొచ్చు. మూడో తరగతిలో పుస్తకం పేరు, రాసినవారి పేరు. ఆరో తరగతికి సంవత్సరం కలపండి. తొమ్మిదికి వచ్చేసరికి వెబ్ పేజీ చిరునామా, చూసిన తేదీ. 'గూగుల్' అని మూలం రాస్తే ఒప్పుకోవద్దు. అది వెతికిపెట్టింది, రాసింది ఇంకొకరు. కామాలు, ఫుల్‌స్టాప్‌ల దగ్గర పిల్లల్ని విసిగించొద్దు. "చదివేవాళ్లు నేను చూసిన చోటికి వెళ్లగలరా?" అన్నదే పరీక్ష.

మెట్టు 7: ఏఐ చాట్‌బాట్ జవాబును ఎలా చూడాలి

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి పైన చెప్పిన పనుల్లో చాలా వాటిని పిల్లలు ఒక్క ప్రశ్నతో దాటేయగలుగుతున్నారు. పైగా నాలుగో మెట్టులో నేర్పిన పద్ధతి ఇక్కడ నేరుగా పనిచేయదు. ఎవరు రాశారు అని అడగడానికి రచయిత ఉండడు. వాక్యాలు నున్నగా, నమ్మకంగా ఉంటాయి. లేని పుస్తకాన్ని కూడా పేరు, సంవత్సరంతో సహా చెప్పగలదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌బాట్ ఇచ్చిన తీర్పులను సరిచూసుకోకుండా కోర్టులో దాఖలు చేశారు. అలాంటి తీర్పులే లేవని తేలింది. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. చదువుకున్న పెద్దవాళ్లకే ఇలా జరిగిందని చెబితే పిల్లలు శ్రద్ధగా వింటారు.

క్లాసులో చేయించాల్సిన పని ఇది. పిల్లలు ఇప్పటికే బాగా చదివిన విషయం మీద మీరు చాట్‌బాట్‌ను అడిగి, జవాబు ప్రింట్ తీయండి. అందులో పరీక్షించదగిన ప్రతి మాట కింద గీత గీయమనండి: పేరు, తేదీ, అంకె, కారణం. ఒక్కో గుంపు కొన్ని మాటలు పంచుకుని, ఒక్కోదానికి వేరేచోట ఆధారం వెతకాలి. దొరికితే ఆకుపచ్చ, విరుద్ధంగా దొరికితే ఎరుపు, ఏమీ దొరక్కపోతే పసుపు. చివర్లో పసుపు మాటల గురించే ఎక్కువ మాట్లాడండి. ఎరుపు సులభం, తప్పని తెలిసిపోతుంది. పసుపును ఏం చేయాలో నిర్ణయించుకోవడమే అసలు నైపుణ్యం.

వద్దని నిషేధించడం కంటే ఎక్కడ వాడొచ్చో గీత గీయడం మంచిదని నా అభిప్రాయం. వెతకడానికి మాటలు సూచించమనడం, కష్టమైన పేరాను సులభంగా చెప్పమనడం, "నా వాదనలో లోపం ఏమిటి" అని అడగడం సరే. జవాబు రాయించుకోవడం, మూలంగా చూపించడం కూడదు. చాలా చాట్‌బాట్‌లకు వయసు నిబంధనలున్నాయి, కాబట్టి చిన్న తరగతుల్లో టీచర్ మాత్రమే వాడాలి. పేర్లు, ఫొటోలు, ఇంటి వివరాలు అందులో పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి.

మెట్టు 8: ఏడాదిలో ఎక్కడ ఇరికించాలి?

ప్రత్యేక పీరియడ్ దొరకలేదని ఆగిపోవద్దు. నిజానికి విడిగా చెప్పిన పాఠం కంటే సైన్స్, సోషల్, భాషా పాఠాల్లో కలిపి చెప్పింది బాగా నిలుస్తుంది. సైన్స్ టీచర్ ఐదో మెట్టు, భాషా టీచర్ ఆరో మెట్టు, లైబ్రేరియన్ ఉంటే మూడో మెట్టు పంచుకోండి. వారానికి పది నిమిషాలు, ఒకే పేజీ, ఒకే ప్రశ్న. నెలకొకసారి గంటసేపు చెప్పేదానికంటే ఇది మేలు, ఎందుకంటే ఇది జ్ఞానం కంటే అలవాటుకు దగ్గర.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు "ఇది నీకెలా తెలుసు?" అనే ప్రశ్న ఒక్కటే చాలు. చూశానా, ఎవరైనా చెప్పారా, ఊహించానా అని విడగొట్టడం వాళ్లకు ఆటలా ఉంటుంది. మూడు నుంచి ఐదుకు ప్రశ్నలు వేయడం, పదసూచిక, ప్రకటన గుర్తుపట్టడం. నాలుగో మెట్టు ఆరు నుంచి మొదలుపెట్టండి. ఒక్క ఫోన్, ఒక ప్రొజెక్టర్ ఉంటే మొత్తం క్లాసుకు సరిపోతుంది. అదీ లేకపోతే ఒకే సంఘటన మీద మూడు పత్రికల కత్తిరింపులు తెచ్చి పోల్పించండి.

మార్కులు పూర్తయిన చార్టుకు కాకుండా దారికి వేయండి. ఏ మాటలతో వెతికారు, ఏ పేజీని ఎందుకు వదిలేశారు, ఎక్కడ అభిప్రాయం మార్చుకున్నారు. వదిలేసిన పేజీల జాబితా తప్పనిసరిగా అడగండి. దాన్ని కాపీ కొట్టడం చాలా కష్టం.

మెట్టు 9: తప్పు దొరికినప్పుడు ఏం చేయాలి

ఇంత నేర్చుకున్న పిల్లలకు తొందరలోనే తప్పులు కనిపిస్తాయి. ఇంట్లో పెద్దలు పంపిన ఫార్వర్డ్‌లో, పాఠ్యపుస్తకంలో, మనం చెప్పిన పాఠంలో కూడా. అప్పుడు ఎలా మాట్లాడాలో నేర్పకపోతే ఆ నైపుణ్యం గొడవలకే పనికొస్తుంది. "తాతయ్యా, మీరు పంపింది అబద్ధం" అనడం వేరు. "తాతయ్యా, ఇది నేను కూడా వెతికాను, ఇక్కడ వేరేలా ఉంది, ఒకసారి చూస్తారా?" అనడం వేరు. గుంపులో అందరి ముందు కాకుండా విడిగా చెప్పమనండి. ఇద్దరిద్దరిని నిలబెట్టి క్లాసులోనే అభ్యాసం చేయించండి. మీ తప్పు చూపించిన పిల్లలకు మీరు క్లాసులో అందరి ముందే థాంక్స్ చెప్పండి.

పుస్తకంలో తప్పు అనిపిస్తే ప్రచురణ సంస్థకు ఉత్తరం రాయించండి. ముందు కనీసం రెండు వేర్వేరు ఆధారాలు చూశారో లేదో సరిచూడండి. ఆ రెండూ ఒకే మూలం నుంచి దించినవైతే ఒకటిగానే లెక్క. ఉత్తరంలో పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ సంఖ్య, ఉన్న వాక్యం ఉన్నట్టుగా, తాము కనుగొన్నది, ఆ రెండు ఆధారాల వివరాలు ఉండాలి. "మాకు ఇలా దొరికింది, దయచేసి పరిశీలించండి" అని ముగిస్తే చాలు. సంతకం పిల్లల పేర్లతో కాకుండా తరగతి పేరుతో, బడి చిరునామాతో పెట్టించండి. ఉత్తరం నకలు ఒకటి నోటీసు బోర్డు మీద ఉంచి, జవాబు వస్తే దాన్ని పక్కనే అంటించండి.